ఎనిమిది మంది పిల్లలు, ఒక అమ్మ, ఆమె వెనక ఎవరు?

(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారక ఉపన్యాసం, విశాఖపట్నం)



దుర్గాబాయి గారు 1909లో రాజమండ్రిలో పుట్టారు. 1981 మే 9న కన్నుమూశారు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ గురించి, రాజ్యాంగ పరిషత్తులో ఆవిడ వాదనల గురించి మీరు చాలాసార్లు విన్నారు. నేను ఆవిడ చేసిన ఒక్క పనిని మాత్రం గుర్తుచేసి నా విషయంలోకి వస్తాను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు ఆవిడే తొలి అధ్యక్షురాలు. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దవయసు ఆడవాళ్ల కోసం 1958లో ఆ బోర్డు తక్కువ కాలంలో పూర్తయ్యే కోర్సులు పెట్టింది. భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు అక్కడ చదువుకుని టీచర్లయ్యారు, నర్సులయ్యారు, బాలసేవికలయ్యారు. దిక్కులేని పిల్లలకు అన్నం పెట్టాలని అందరూ అంటారు. అన్నం పెట్టే మనిషికి శిక్షణ, జీతం, గౌరవం ఉండాలని ఆవిడ పట్టుబట్టారు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ పట్టుదల నుంచి వచ్చిందే.

విషయం గ్రూప్ ఫోస్టర్ కేర్. కన్నవాళ్ల దగ్గర ఉండే వీలులేని పిల్లలను కొద్దిమందిని ఒక ఇంట్లో ఉంచి, ఒక అమ్మో, ఒక జంటో కుటుంబంలా పెంచే పద్ధతి. 2015 నాటి బాలల న్యాయ చట్టం, అంటే జువెనైల్ జస్టిస్ చట్టం, దీన్ని పేరు పెట్టి గుర్తించింది. 2016 జనవరి 15 నుంచి అది అమల్లో ఉంది. ఆ చట్టంలోని 44వ సెక్షన్ ఫోస్టర్ కేర్ గురించే. గ్రూప్ ఫోస్టర్ ఇంట్లో ఎనిమిది మందికి మించి పిల్లలు ఉండకూడదని మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెంచేవాళ్ల సొంత పిల్లలు కూడా ఆ ఎనిమిదిలోనే. పెద్ద హోమ్‌లో చేర్చడం చివరి మార్గం కావాలని ఇదే చట్టం మొదటి పేజీల్లోనే, మూడో సెక్షన్‌లోనే రాసింది. కాగితం మీద ఇంతకన్నా బాగా రాయడం కష్టం.

మన ఊళ్లో ఏ పిల్లలకు ఇది అవసరమో చూద్దాం. అనాథ అనగానే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన బిడ్డ మన కళ్ల ముందు మెదులుతుంది. హోమ్‌లలో పనిచేసినవాళ్లకు తెలుసు, అక్కడున్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఎవరో ఒకరున్నారు. చిన్న వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఒక తల్లి అక్కడ మూడు నెలలు ఉండాల్సి వస్తే, ఆమె ఆరేళ్ల కూతురు ఆ మూడు నెలలు ఎక్కడ ఉంటుంది? కింగ్ జార్జ్ ఆసుపత్రిలో క్షయకో క్యాన్సర్‌కో నెలల తరబడి వైద్యం చేయించుకునే కూలి మనిషి కొడుకు ఎవరింట్లో తింటాడు? హార్బర్ నుంచి వేటకు వెళ్లిన తండ్రి తిరిగిరాకపోతే తల్లి పనికోసం ఊరు మారుతుంది, పిల్లలు బంధువుల ఇళ్లలో తలా ఒక చోట పడతారు. స్టీల్‌ప్లాంట్ కట్టినప్పుడూ, విస్తరించినప్పుడూ ఒడిశా నుంచి, బిహార్ నుంచి కాంట్రాక్టు కూలీలు వచ్చారు. వాళ్లకు ఇక్కడ పిలిస్తే పలికే పెద్దమ్మ గానీ, మేనత్త గానీ లేరు. కొత్తవలస-కిరండోల్ లైను ఇనుప ఖనిజంతో పాటు ఇంటినుంచి పారిపోయిన కుర్రాళ్లనూ మన స్టేషన్‌కు చేరుస్తుంది.

ఇంకో గుంపు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. తల్లి జైల్లో ఉంటే ఆరేళ్లు నిండేవరకు బిడ్డ ఆమెతో ఉండవచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు పేరులో మన రాష్ట్రమే ఉంది: ఆర్.డి.ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. ఆరేళ్లు నిండిన రోజున ఆ బిడ్డ అమ్మ చెయ్యి వదిలి జైలు గేటు దాటాలి. 2024లో కేంద్రం సవరించిన ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలు కూడా ఆరేళ్లు నిండిన పిల్లల గురించే మాట్లాడతాయి. రెండు నిబంధనలూ ఒకే వయసు దగ్గర కలుస్తున్నాయి. ఆ గేటు బయట ఒక ఇల్లు సిద్ధంగా ఉండడం మనం ఏర్పాటు చేసుకోవాల్సిన పని.

ఈ పిల్లల్లో చాలామందిని దత్తత ఇవ్వడానికి లేదు. వాళ్లకు అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, ఈ రోజు వాళ్ల చేతకాదు, అంతే. రేపు చేతనవుతుంది. అందుకే వాళ్లకు కావలసింది కొంతకాలం ఇల్లు, ఆ తర్వాత తమ సొంత ఇల్లు. దత్తతకు అర్హులైన పిల్లలను దీర్ఘకాలం ఫోస్టర్ కేర్‌లో ఉంచవద్దని చట్టం విడిగా చెప్పింది. రెండు దారులూ కలిపేస్తే రెండు రకాల పిల్లలూ నష్టపోతారు.

దిక్కులేని పిల్లలను ఊరు చూసుకోవడం మనకు కొత్త కాదు. డాబాగార్డెన్స్‌లోని ప్రేమ సమాజం 1930 నుంచి ఈ ఊళ్లో దిక్కులేనివాళ్లను చూసుకుంటోంది. ఓడరేవు 1933లో తెరిచారు. అంటే ఓడలకు రేవు తెరుచుకునే కన్నా ముందే ఈ ఊరు అనాథలకు గూడు కట్టుకుంది. అంతకుముందే కాకినాడలో పిఠాపురం రాజావారి అనాథ శరణాలయం ఉంది. అయితే ఇవన్నీ ఎక్కువమంది పిల్లలు ఒకచోట పెరిగే సంస్థలు. చిన్న ఇళ్ల పద్ధతిని లోకానికి చూపించినవాడు హెర్మన్ గ్మైనర్ అనే ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1949లో, టైరోల్ కొండల్లోని ఇమ్స్ట్‌లో ఎస్ఓఎస్ బాలల గ్రామం మొదలుపెట్టాడు. ఒక అమ్మ, కొందరు పిల్లలు, ఒక ఇల్లు. అలాంటి ఇళ్లు కొన్ని కలిస్తే ఒక ఊరు. 1960లలో ఆ పద్ధతి ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌కు వచ్చింది. మన భీమిలిలో కూడా అలాంటి గ్రామం ఉంది.

ఆ పద్ధతిలో నాకు నచ్చేది ఇళ్ల అమరిక కన్నా అమ్మ వెనక నిలబడే ఏర్పాటు. ఆమెకు ముందు శిక్షణ ఇస్తారు. జీతం ఉంటుంది. ఆమె సెలవు మీద వెళ్లినప్పుడు ఇంటిని చూసుకోవడానికి ఇంకో మనిషి ఉంటుంది, పిల్లలు ఆమెను ఆంటీ అనో పిన్ని అనో పిలుస్తారు. ఇంతచేసినా చాలదని కూడా అదే సంస్థ చరిత్ర చెబుతుంది. కొన్ని దేశాల్లో తమ గ్రామాల్లో పిల్లల రక్షణలో వైఫల్యాలు జరిగాయని 2021లో ఆ అంతర్జాతీయ సంస్థ బహిరంగంగా ఒప్పుకుని, స్వతంత్ర కమిషన్‌ను నియమించింది. మంచి పేరున్న ఇంటికి కూడా బయటి కళ్లు కావాలి. మన చట్టం ఫోస్టర్ కుటుంబాలను ప్రతి నెలా తనిఖీ చేయమని బాలల సంక్షేమ సమితిని ఆదేశించింది. ఒక అధ్యక్షుడు లేదా అధ్యక్షురాలు, నలుగురు సభ్యులు ఉండే సమితి అది. 24 గంటల్లోపు తమ ముందుకు తెచ్చిన ప్రతి బిడ్డ విషయం తేల్చాల్సినవాళ్లు కూడా వాళ్లే. ఎదురుగా కూర్చున్న బిడ్డల ఫైళ్లతోనే పొద్దుగడిచిపోయే ఆ ఐదుగురూ నెలనెలా ఇంటింటికీ తిరగాలంటే వాళ్లకు వాహనం కావాలి, చేతికింద మనుషులు కావాలి. 2022 ఏప్రిల్‌లో పాత విశాఖ జిల్లా మూడు జిల్లాలైంది. పాడేరు కొండల్లో ఉన్న కుటుంబాన్ని కలవాల్సింది ఒక జిల్లావాళ్లు, బిడ్డ ఉన్నది ఇంకో జిల్లాలో. ఈ సమన్వయం మీటింగుల్లో తీర్మానం చేస్తే రాదు, ఫలానా మనిషి బాధ్యత అని రాసి ఇస్తేనే వస్తుంది.

ఇప్పుడు బాధ్యతల దగ్గరికి వస్తాను. బిడ్డ చదువు, ఆరోగ్యం, పోషణ ఫోస్టర్ కుటుంబానిదే అని సెక్షన్ 44 చెబుతుంది. మూడు మాటల్లో అయిపోయింది. ఆ మూడు మాటలు ఎనిమిది మంది పిల్లలున్న ఇంట్లో ఎలా ఉంటాయో ఒక మామూలు రోజులో చూడండి. పొద్దున్నే ఒకడు పక్క తడిపి ఉంటాడు. పన్నెండేళ్ల వయసులో పక్క తడిపేవాడికి సిగ్గు ఎక్కువ, దుప్పటి మంచం కింద దాచేస్తాడు. తిట్టకుండా, మిగతావాళ్లకు తెలియకుండా ఆ దుప్పటి ఉతకాలి. ఒక పిల్ల అన్నం దిండుకింద దాచుకుంటుంది, రేపు దొరుకుతుందో లేదో అన్న భయం ఇంకా పోలేదు. ఒకడికి తెలుగు రాదు, ఒడియాలో ఏడుస్తాడు. పెద్దపిల్లకు నెలసరి మొదలైంది. ఇద్దరికి ఒకే రోజు జ్వరం. స్కూల్లో ఎవడో ‘నీకు అమ్మానాన్న లేరట కదా’ అన్నాడని ఇంకొకడు వాడి ముక్కు పగలగొట్టి వచ్చాడు, హెడ్మాస్టరు రమ్మన్నారు. ఇవన్నీ అయ్యాక రిజిస్టరు రాయాలి. నెలకోసారి తనిఖీకి వచ్చినవాళ్లు ముందు అడిగేది ఆ రిజిస్టరే.

ఇది ఏ తల్లీ ఒంటరిగా మోయగలిగిన బరువు కాదు. మన ఉమ్మడి కుటుంబాల్లో పది మంది పిల్లలు పెరిగారని కొందరు అంటారు. పెరిగారు. ఆ ఇళ్లలో అమ్మమ్మ ఉంది, మేనత్త ఉంది, పెళ్లికాని బాబాయి ఉన్నాడు, పొరుగింటి పెద్దమ్మ ఉంది. పైగా ఆ పిల్లలెవరూ రాత్రి పోలీసు జీపులో కొత్త ఇంటికి రాలేదు. ఎనిమిది అన్న అంకె వల్ల ఇల్లు కుటుంబం కాదు. నలభై మందిని ఒక వార్డెన్‌కు అప్పగిస్తే హాస్టల్. ఎనిమిది మందిని, వెనక ఎవరూ లేని ఒక ఆడమనిషికి అప్పగిస్తే అది చిన్న హాస్టల్. రెండేళ్లకు ఆమె ఒళ్లు హూనమై వెళ్లిపోతుంది. ఒకసారి అమ్మ పోయిన పిల్లలకు రెండోసారి కూడా అమ్మ వెళ్లిపోతుంది. పిల్లల విషయంలో ఇంతకన్నా పెద్ద అన్యాయం నాకు కనిపించదు. దీనికి మాత్రం ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

పెంచే మనిషి వెనక అండ ఉండాలన్న మాటకు రుజువు రుమేనియాలో ఉంది. 1989లో చౌషెస్కు పాలన కూలినప్పుడు అక్కడి అనాథాశ్రమాల్లో పిల్లల దుస్థితి లోకం చూసింది. 2000 తర్వాత చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు బుకారెస్ట్‌లో 136 మంది చిన్నపిల్లలను ఎంచుకుని, సగం మందిని ఫోస్టర్ ఇళ్లకు పంపి, ఏళ్ల తరబడి గమనించారు. కుటుంబంలోకి వెళ్లిన పిల్లలు మాటలో, బుద్ధిలో, మనుషులతో అనుబంధంలో మెరుగయ్యారు. రెండేళ్లు నిండకముందే వెళ్లినవాళ్లు ఇంకా బాగా కోలుకున్నారు. ఈ సంగతి తరచూ చెబుతారు. ఇందులో చెప్పకుండా వదిలేసే భాగం ఒకటుంది. ఆ ఊళ్లో ఫోస్టర్ కేర్ దాదాపు లేదు కాబట్టి ఆ ఏర్పాటు వాళ్లే చేసుకోవాల్సి వచ్చింది. పెంచేవాళ్లకు నెలనెలా డబ్బు ఇచ్చారు, సోషల్ వర్కర్లు తరచూ ఇళ్లకు వెళ్లి, కష్టం వచ్చినప్పుడు పక్కన కూర్చున్నారు. ఫలితం వచ్చింది ఆ కూర్పుతోనే.

మన దగ్గర కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద ఫోస్టర్ కేర్‌కు బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. ఆ డబ్బు బిడ్డ ఖర్చులకు. పెంచే మనిషి శ్రమకు అందులో విలువ కట్టలేదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఈ ఇళ్లకు అందించాల్సింది డబ్బు ఒక్కటే కాదు. పిలిస్తే వచ్చే కౌన్సెలర్. అమ్మకు సెలవు దొరికేలా ఒక బదులు అమ్మ. పక్క తడపడం దగ్గర నుంచి పదహారేళ్ల పిల్లాడి కోపం దాకా ఎలా మెలగాలో నేర్పే శిక్షణ, అది కూడా ఒకసారి సర్టిఫికెట్ ఇచ్చి వదిలేసేది కాకుండా ఏడాదికేడాది సాగేది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ విభాగం ఉంది. ఆ విద్యార్థులు ఏటా ఫీల్డ్‌వర్క్‌కు ఎక్కడికో ఒక చోటికి వెళతారు. ఈ ఇళ్లకు వాళ్లను ఒక ఏడాది పాటు అంటిపెట్టుకుని ఉండేలా పంపితే ఇద్దరికీ మేలు.

అన్నాచెల్లెళ్ల సంగతి కాస్త నిలబడి చెప్పాలి. పెద్ద హోమ్‌లు మగపిల్లలకు వేరు, ఆడపిల్లలకు వేరు. అమ్మ చనిపోయిన వారంలోపు అన్న ఒక హోమ్‌కు, చెల్లి ఇంకో హోమ్‌కు. ఆ అన్న చెల్లిని చూసేది పండగకో, ఎవరైనా తీసుకెళితేనో. తోబుట్టువులను వీలైనంతవరకు ఒకేచోట ఉంచాలని సెక్షన్ 44 స్పష్టంగా రాసింది. గ్రూప్ ఫోస్టర్ ఇల్లు పెద్ద హోమ్ కన్నా ఎందుకు మెరుగు అని ఎవరైనా నన్నడిగితే మొదట ఈ ఒక్కటే చెబుతాను. ఆ బిడ్డలకు తమ పాత ఇంటినుంచి మిగిలింది ఒకరికొకరే. అది కూడా తీసేసుకునే అధికారం మనకు ఎవరిచ్చారు?

కన్న తల్లిదండ్రుల విషయం ఇంతకన్నా సున్నితం. సమితి వద్దనకపోతే వాళ్లు వచ్చి బిడ్డను చూసుకోవచ్చు, అది చట్టం ఇచ్చిన హక్కు. ఆదివారం తాగి వచ్చిన తండ్రిని చూసి బిడ్డ వణికిపోతే ఆ రాత్రి పక్కన పడుకునేది పెంచే అమ్మే. మాట ఇచ్చి రాని తల్లి కోసం సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చున్న పిల్లకు సర్దిచెప్పేదీ ఆమే. అయినా బిడ్డ ముందు కన్నవాళ్లను ఒక్క మాట అనకూడదు. మనసారా పెంచాలి, ఇంటికి పంపాల్సిన రోజున బట్టలు సర్ది పంపాలి. ఈ ఓర్పు గుణం కాదు, నేర్పు. దాన్ని నేర్పాలి, నేర్చుకున్నవాళ్లను కాపాడుకోవాలి. కన్న కుటుంబాన్ని కూడా ఎవరో ఒకరు నిలబెట్టాలి. తండ్రి తాగుడుకు వైద్యం, తల్లికి పని చూపించకపోతే బిడ్డ తిరిగి వెళ్లిన ఇల్లు మళ్లీ అదే ఇల్లు.

కాగితాల గొడవ చిన్నదిగా కనిపిస్తుంది, జీవితాన్ని తిప్పేస్తుంది. జనన ధ్రువపత్రం లేకపోతే వయసు తేలదు, ఆధార్ రాదు, స్కాలర్‌షిప్ రాదు. మన రాష్ట్రంలో బీసీ-ఏ జాబితాలో అనాథ పిల్లలకు చోటుంది: పదేళ్లలోపు తల్లిదండ్రులను పోగొట్టుకుని, చూసేవాళ్లెవరూ లేక, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన బడుల్లో, అనాథాశ్రమాల్లో చేరిన పిల్లలు. మంచి నిబంధన. కాకపోతే అది ఆశ్రమాల కాలంలో రాసినది. ఇల్లులాంటి ఇంట్లో పెరిగినందుకు ఒక బిడ్డకు ఆ ధ్రువపత్రం దగ్గర ప్రశ్నలు ఎదురుకాకూడదు. ఫోస్టర్ ఇళ్లలోని పిల్లలకూ అది వర్తిస్తుందని ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో స్పష్టం చేయవచ్చు, పైసా ఖర్చు లేదు.

పద్దెనిమిదేళ్లు నిండిన రోజు గురించి. మన ఇళ్లలో పద్దెనిమిదేళ్ల పిల్లాడికి అన్నం కలిపి పెడతాం. వీళ్లను మాత్రం పెద్దవాళ్లయ్యారని పంపేస్తాం. 21 ఏళ్ల దాకా, తప్పనిసరైతే 23 దాకా, ఆఫ్టర్‌కేర్ సాయం చేయవచ్చని నిబంధనలున్నాయి. ఐటీఐలో సీటు, హాస్టల్, మొదటి జీతం వచ్చేదాకా అద్దె. ఇవి గాజువాక, పరవాడ పరిసరాల్లో ఇన్ని కర్మాగారాలున్న ఊరికి భారం కావు. కోవిడ్‌లో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లలకు 2021లో కేంద్రమూ, రాష్ట్రమూ పదేసి లక్షల రూపాయల ఆసరా ప్రకటించాయి. సంతోషం. ఆ డబ్బును ఎలా వాడుకోవాలో చెప్పే పెద్దదిక్కు లేకపోతే ఇరవై మూడేళ్ల వయసులో కేంద్రం నుంచి చేతికొచ్చే పది లక్షలు ఎవరెవరి చేతుల్లోకో పోతాయి. పెంచిన ఇంటి తలుపు ఆ వయసుకీ తెరిచి ఉండాలి.

ఇక డబ్బు. ఈ ఊళ్లో ఓడరేవుంది, చమురు శుద్ధి కర్మాగారం ఉంది, మందుల కంపెనీలున్నాయి. లాభాలున్న పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని 2013 నాటి కంపెనీల చట్టం చెబుతుంది. ఏయే పనులకు ఖర్చు చేయవచ్చో చెప్పే ఆ చట్టం ఏడో షెడ్యూల్‌లో అనాథల హోమ్‌లు, హాస్టళ్లు కూడా ఉన్నాయి. ఆ డబ్బు వచ్చినప్పుడు మనం సాధారణంగా ఏం అడుగుతాం? భవనం, ఆర్వో ప్లాంటు, డైనింగ్ హాలు. ఇచ్చేవాళ్లకూ అవే ఇష్టం, వాటి మీద పేరు రాయవచ్చు, రిబ్బన్ కత్తిరించవచ్చు. బదులు అమ్మకు పదేళ్ల జీతం మీద పేరు చెక్కించలేం. నా అనుభవంలో ఒక గ్రూప్ ఇంటిని నిలబెట్టేదీ, కూల్చేదీ ఆ జీతమే.

మీలో ఇంట్లో చోటూ, మనసులో ఓపికా ఉన్నవాళ్లుంటే జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఆఫీసుకు వెళ్లి అడగండి. ఒంటరిగా ఉన్నవాళ్లు కూడా ముందుకు రావచ్చని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మగవాళ్లయితే మగపిల్లలనే అప్పగిస్తారు. బిడ్డ నచ్చిందని ఆసుపత్రి నుంచో, స్టేషన్ నుంచో సొంతంగా ఇంటికి తీసుకుపోకండి. అది ఎంత దయతో చేసినా నేరమవుతుంది, బిడ్డ ఆచూకీ కన్నవాళ్లకు అందకుండా పోతుంది. పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. పూర్తిగా పెంచే వీలు లేనివాళ్లు కూడా చేయగలిగింది ఉంది: దగ్గర్లో అలాంటి ఇల్లు ఉంటే, ఆఫీసు అనుమతి తీసుకుని, ఆ అమ్మ చెల్లెలి పెళ్లికి వెళ్లే రెండు రోజులు ఆ ఇంటికి పిన్నిగా, బాబాయిగా ఉండండి.

ఈ సభలో కంపెనీల నుంచి వచ్చినవాళ్లకు, జిల్లా అధికారులకు నా విన్నపం ఒక్కటే. విశాఖలో గ్రూప్ ఫోస్టర్ ఇల్లు ఎక్కడ తెరిచినా, ఆ ఇంటికి ఒక బదులు అమ్మను, కొన్ని ఇళ్లకు కలిపి ఒక కౌన్సెలర్‌ను జీతం మీద నియమించి, కనీసం పదేళ్లకు ఆ డబ్బు పక్కన పెట్టండి. అది జరిగేవరకు కొత్త భవనానికి శంకుస్థాపన చేయవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.